రోడ్డుకి ఇవతల నలభై సెకన్లు

బుధవారం
షాపులో, అద్దాలు కోసే బల్ల మీద

నువ్వు నా పేరు దొంగిలించలేదు. దొంగిలించినా బాగుండేది. ఇంకొకరు తీసిన ఫోటో కింద తమ పేరు వేసుకునే వాళ్లని చూశాను, నాలుగు తిట్లు తిట్టి మర్చిపోయాను. నువ్వు మా నాన్నని గోడకెక్కించి కింద నా పేరు వేశావు. అంత పెద్ద అక్షరాల్లో నా పేరు నా జన్మలో ఎక్కడా పడలేదు. పడిన మొదటిసారే మా నాన్న చదివాడు.

ప్రియమైన, గియమైన అని మొదలుపెట్టలేదని ఏమీ అనుకోకు. అనుకున్నా ఫర్లేదు. ఫోన్లో నీ నంబరు తీసేశాను కాబట్టి ఫ్రేముల వెనక వేసే అట్ట ముక్కల మీద రాస్తున్నాను. స్టాండుగాడు తెచ్చిస్తాడు. రెండేళ్లు మన ట్రైపాడ్ మోశాడు, ఇప్పుడు మన ఉత్తరాలు మోస్తున్నాడు. వాడి పొడుగు ఎందుకైనా పనికొస్తుందని నువ్వే అనేవాడివి కదా. వాణ్ణి ఏమీ అడక్కు, వాడికి మనం మాట్లాడుకోవడం లేదన్నంత వరకే తెలుసు.

తెలియనట్టు నటించడంలో నువ్వు ఘనుడివి కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తాను. ప్రతి ఆదివారం ముగ్గురం ఊరు తిరిగేవాళ్లం. కెమెరా నీది, అందుకే నువ్వు కెప్టెన్‌వి. ట్రైపాడ్ వాడిది. నాకేమీ లేదు. "నీకు కన్నుంది కదే, అద్దం, చాలు" అన్నావు. నేను ఏ క్లాసుకీ పోలేదు. నాలుగేళ్లుగా ఊళ్లోవాళ్ల ఫోటోలకి అద్దం కోసి, ఫ్రేము బిగించి, చూసీ చూసీ నేర్చుకున్నాను. చూపు ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ జారిపోతుందో చేతులకి తెలిసిపోయింది. గంటకొకళ్లం కెమెరా పట్టుకునేవాళ్లం. వంతెన మీద, బస్సుల డిపోలో, చేపల మార్కెట్టు వెనక సందులో. పొద్దు వాలే వేళకి లైబ్రరీ మెట్ల మీద కూర్చుని ఆ రోజు తీసిందంతా ఆ చిన్న తెర మీద చూసేవాళ్లం. అక్కడ మనకి ఒకటే కట్టుబాటు. ముగ్గురిలో ఎవరైనా "తీసెయ్" అంటే అక్కడికక్కడే తీసెయ్యాలి. ఎందుకని అడక్కూడదు. అది పెట్టింది నువ్వు. "అడగడం మొదలుపెడితే ఎవడూ ఏదీ ధైర్యంగా తియ్యడు" అన్నావు. ఆ మాటకే నేను నీ కింద రెండేళ్లు పనిచేశాననుకో.

నాలుగు నెలల కిందటి ఆదివారం గుర్తుందా? బొమ్మల దుకాణం ఎదురుగా రోడ్డుకి ఇవతల నిలబడ్డాం. కెమెరా నా చేతిలో ఉంది, పొడుగు లెన్సు, వీడియో తీస్తున్నాను. అవతల ఎలుగుబంటి వేషం వేసుకున్న మనిషి కాగితాలు పంచుతున్నాడు, ఒక పిల్లవాడు తోక పట్టుకుని వేలాడుతున్నాడు. ఎలుగుబంటి మన వైపు తిరిగి చెయ్యి ఊపింది. "చూశావా, మనకి పోజిస్తోంది!" అని నువ్వు నవ్వావు. తర్వాత అది దుకాణం పక్క అరుగు మీద కూర్చుని తల ఊడదీసి ఒళ్లో పెట్టుకుంది. లోపల మా నాన్న ఉన్నాడు.

మా నాన్న ఎవరో నీకు మళ్లీ చెప్పక్కర్లేదు. మా ఇంటికి మూడుసార్లు వచ్చావు, ఆయన చేత్తో పెట్టిన టీ తాగావు. ఇరవై రెండేళ్లు దారం మిల్లులో మేస్త్రీగా చేసిన మనిషి. గది బయట నిలబడి, మెషీను చప్పుడు విని, ఏ కదురు అరిగిందో చెప్పేవాడు. మిల్లు మూతపడ్డాక ఏదో గోడౌన్లో సూపర్‌వైజర్‌గా కుదిరానన్నాడు. రోజూ పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసుకునేవాడు, చేతుల మడతతో సహా. ఆ చొక్కా ఎలుగుబంటి లోపలికి వెళ్తోందని నాకు ఆ రోజే తెలిసింది.

ఆ సాయంత్రం మెట్ల మీద "తీసెయ్" అన్నాను. నువ్వు నా మొహంలోకి చూశావు, తెర వంక చూశావు, మీట నొక్కావు. తెర నల్లబడింది. నీ మీద ఆ రోజు కలిగినంత కృతజ్ఞత నాకు ఎవరి మీదా కలగలేదు.

నిన్న సాయంత్రం నాన్న పని నుంచి వచ్చి లైబ్రరీ హాల్లో పెట్టిన ప్రదర్శన కాగితం బల్ల మీద పెట్టాడు. దుకాణం మేనేజరు నవ్వుతూ తెచ్చిచ్చాడట, "మీరు ఫేమస్ అయిపోయారు మేస్త్రీ గారూ" అని. దాని మీద ఆయనే. ఒళ్లో ఎలుగుబంటి తల, చేతిలో అన్నం డబ్బా, చెమటకి నుదుటికి అంటుకుపోయిన జుట్టు. నాన్న చొక్కా బొత్తాలు విప్పుకుంటూ, "నీ పేరు తప్పుల్లేకుండా వేశారమ్మా" అన్నాడు. అంతే. చేతులు కడుక్కుని భోజనానికి కూర్చున్నాడు. ఈ పొద్దున చొక్కా ఇస్త్రీ చెయ్యలేదు. ఇంట్లో వేసుకునే పాత బనీను మీదే వెళ్లిపోయాడు. ఇస్త్రీపెట్టె చల్లగా గోడకి ఆనించి ఉంది. దాన్ని అలా చూడలేకపోయాను.

మధ్యాహ్నం హాలుకి వెళ్లాను. తలుపంత ఉంది ఫోటో. కింద నువ్వు పెట్టిన పేరు: "ఎవరికీ కనబడని మనిషి". ఎవరికీ కనబడకుండా పోదామని ఆయన చూస్తుంటే తలుపంత చేసి పెట్టి ఆ పేరు పెట్టడానికి నీకు చెయ్యెలా ఆడింది? ఫ్రేము మూలలు చూశాను. నాలుగు మూలల్లో రెండు కలవలేదు, మధ్యలో గోరు దూరుతుంది. నా చేతి పని కాదు. ఇప్పటిదాకా నువ్వు ప్రతి ఫ్రేమూ నా దగ్గరే కట్టించావు. ఇదొక్కటే వేరే చోట. అంటే తెలిసే చేశావు. పొరపాటున జరిగిందని రాయకు, ఆ మూలలు చూశాక నమ్మను.

రెండే అడుగుతున్నాను. ఫోటో దించు. నా కళ్ల ముందు నల్లబడింది మళ్లీ ఎలా బతికిందో చెప్పు. శుక్రవారం సాయంత్రం ఏడింటికి షట్టరు దించుతాను. ఆలోపు జవాబు నా బల్ల మీద ఉండాలి.

నువ్వు పెట్టిన పేరుతోనే,
అద్దం


శుక్రవారం
షట్టరు దించాక

మహారాజశ్రీ కెప్టెన్ గారికి,

తమరి మూడు పేజీల జవాబు చేరింది. అందులో రెండున్నర పేజీలు నా ప్రతిభ గురించే ఉంది. "ఇంత గొప్ప షాట్ చీకట్లో కలిసిపోకూడదనే", "నీకు రావాల్సిన పేరు నీకు రావాలనే", "ఒకరోజు నువ్వే నాకు థాంక్స్ చెబుతావు". ప్రదర్శన నెలాఖరు దాకా ఉంటుంది, నిర్వాహకుల చేతిలో ఉంది, మధ్యలో దించడం కుదరదు. వేరే షాపు సంగతికి "నీకు సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్నా" అని రాశావు. ఇచ్చావులే. ఇంటిల్లిపాదికీ ఇచ్చావు.

అసలు విషయం మూడో పేజీ అడుగున ఒక్క లైనులో దాచావు. "నువ్వు తీసెయ్ అన్నావు, నేను తీసేశాను. కాకపోతే కెమెరాలో రెండు మెమరీ కార్డులుంటాయి కదా, రెండోదాంట్లో ఎప్పుడూ కాపీ పడుతుంది, అది నీకు తెలుసనుకున్నా."

నాకెలా తెలుస్తుంది? నాకు కెమెరా ఉందా? ఆ పక్క మూత ఎప్పుడైనా మా ముందు తెరిచావా? రెండేళ్లు ఆ మెట్ల మీద మేం "తీసెయ్" అన్న ప్రతిసారీ నువ్వు గంభీరంగా మీట నొక్కావు. ఒక్కోసారి "పోయింది, హాయిగా ఊపిరి పీల్చుకో" అని కూడా అన్నావు. పోయింది పోకుండా నీ జేబులో కూర్చుంది. అంటే నువ్వు తప్పిన మాట ఒకటి కాదు. రెండేళ్ల ఆదివారాలన్నీ తప్పావు.

ఉత్తరం తెచ్చిన స్టాండుగాడికి ఆ లైను చదివి వినిపించాను. చెప్పకూడదనుకున్నా, కానీ వాడి ఆదివారాలు కూడా అందులో ఉన్నాయి. వాడు గ్లాసు ముక్కల పెట్టె మీద కూలబడ్డాడు.

"రెండో కార్డంటే? అన్నీ ఉంటాయా?"

"అన్నీ."

"బస్‌డిపోలో నేను ఏడ్చింది?"

"ఉంటుంది."

"మా అక్క వచ్చి నన్ను రోడ్డు మీద చెంప మీద కొట్టింది?"

"ఒరేయ్, అన్నీ అంటే అన్నీరా."

"ట్రైపాడ్ మోసినోణ్ణి నేనే కదే. నా పరువు తియ్యడానికి కెమెరా కదలకుండా పట్టుకుంది నేనే" అన్నాడు. నవ్వాడు కూడా. నాకు నవ్వు రాలేదు. వాడు నీ మీద అరవడు, వాడి తీరు నీకు తెలుసు. అందుకే వాడి వంతు కూడా నేనే అరుస్తున్నాను.

ఇక నీ ఉత్తరంలో ఒక్క నిజం ఉంది. "కెమెరా పట్టుకుంది నువ్వు. షాటు నలభై సెకన్లు. చూసుకో" అన్నావు. దాన్ని నా మొహాన కొడితే నోరు మూసుకుంటాననుకున్నావు. మూసుకోను. చెబుతాను, నీకు భయపడి కాదు, ఎక్కడో ఒక చోట చెప్పకపోతే కుళ్లిపోయేలా ఉన్నాను.

నేనే తీశాను. తల ఊడదీసిన రెండో సెకనుకే నాన్నని గుర్తుపట్టాను. లెన్సు దించలేదు. ఎందుకు దించలేదో నాలుగు నెలలుగా రోజూ అడుగుతున్నాను. చెయ్యి బిగుసుకుపోయిందని మొదట్లో అనుకున్నాను. అబద్ధం, చెయ్యి చక్కగా కదిలింది. వెలుతురు పక్క నుంచి పడుతోంది, ఎలుగుబంటి బొచ్చు అంచులు మెరుస్తున్నాయి, నాన్న తలెత్తి ఇటు చూస్తున్నాడు. నేను ఫోకస్ సరిచేశాను. విన్నావా? మా నాన్న అని తెలిశాక, వేలితో చక్రం తిప్పి మా నాన్న కళ్ల మీద ఫోకస్ పెట్టాను. బాగా వస్తోంది అనుకున్నాను. ఆ మాట నా లోపల వినబడింది. తర్వాత సిగ్గేసి, కెమెరా నీ చేతిలో కుక్కి, "పదండి, ఎండెక్కుతోంది" అని మిమ్మల్ని మూల తిప్పేశాను. సాయంత్రం "తీసెయ్" అన్నది నాన్న కోసమనే అనుకున్నావు కదా? నేనూ అలాగే అనుకున్నాను. కాదు, ఆ నలభై సెకన్లలో నేనెలాంటిదాన్నో కనిపిస్తుంది, అది పోవాలని అన్నాను.

ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం "గోడౌన్ ఎలా ఉంది నాన్నా?" అని అడిగాను. "లోడు ఎక్కువమ్మా" అనేవాడు. నేను తలూపేదాన్ని. నిన్న అమ్మ చెప్పింది, ఆవిడకి ఇంకా ముందే తెలుసట. ఉతికేటప్పుడు కాలరుకి గోధుమరంగు పోగులు అంటుకుని వస్తుంటే ఒక్కొక్కటే ఏరి పారేసేదట. "గోడౌన్లో ఏం బొచ్చు ఉంటుందే? ఆయనే చెప్తాడులే అని ఊరుకున్నా" అంది. ముగ్గురం ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకరి కోసం ఒకరం ఆ గోడౌన్ని నిలబెట్టాం. ఇటుక కూడా లేని గోడౌను. నువ్వొచ్చి ఒక్క ఫోటోతో కూలగొట్టావు.

నేను తీసింది తప్పు. అది నాది, నాన్న దగ్గర నేనే తేల్చుకుంటాను. నువ్వు దాచింది తప్పు. అది నీది. నా తప్పు చాటున నీది దాచకు, ఆ చాటు అంత వెడల్పు లేదు.

నువ్వింకేం రాస్తావో చూస్తాను.

అద్దం


మంగళవారం
మధ్యాహ్నం రెండు దాటింది

కెప్టెన్,

మొన్నటి ఉత్తరానికి నీ దగ్గర్నుంచి ఏమీ రాలేదు. మంచిదే. ఈలోపు ఇక్కడ జరిగింది విను. వింటే నువ్వు హాలు గోడ వంక మళ్లీ అలా చూడలేవు.

ఆదివారం నాన్న సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు. కుళాయి కారుతుంటే వాషరు మారుస్తున్నాడు. పక్కన కూర్చుని చెప్పేశాను. నేనే తీశాను, తీసెయ్యమన్నాను, వాడు తీసెయ్యలేదు, అని. నీ గురించి చెప్పేటప్పుడు గొంతు బాగానే లేచింది. నాన్న పట్టకారు ఆపకుండా విన్నాడు. నేను చెప్పడం అయ్యాక ఒక్కటే అడిగాడు.

"ఎంతసేపు తీశావు?"

"నలభై సెకన్లు నాన్నా."

"ఆ రోడ్డు దాటడానికి పది చాలు కదమ్మా."

కుళాయి కారడం ఆగింది. ఆయన లేచి చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. కొట్టినా బాగుండేది. నేను అక్కడే బకెట్టు పక్కన ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు.

ఇవాళ మధ్యాహ్నం షాపులో చెప్పి, ఒంటిగంటకి బొమ్మల దుకాణానికి వెళ్లాను. అదే చోట, రోడ్డుకి ఇవతల నిలబడ్డాను. ఎలుగుబంటి కాగితాలు పంచుతోంది. ఈసారి దాటాను. లెక్కపెట్టాను, తొమ్మిది సెకన్లు పట్టింది. నాన్న తల తీసి ఒళ్లో పెట్టుకుని, జరిగి, అరుగు మీద చోటిచ్చాడు. డబ్బా మూతలో నాకు కొంచెం వేశాడు. తిన్నాం. తర్వాత నేనే ఆ తల చూపించి, "లోపల ఎలా ఉంటుంది?" అన్నాను.

"పెట్టుకుని చూడు."

పెట్టుకున్నాను. లోపల నాన్న చెమట వాసన, తడిసిన స్పాంజి వాసన. బయటికి కళ్లు కనిపిస్తాయి చూడు, అవి ఉత్త గాజు గుండ్లు, వాటిలోంచి ఏమీ కనబడదు. నోట్లో నల్ల జాలీ ఉంటుంది, అందులోంచి చూడాలి. రోడ్డు, కార్లు, అవతలి పేవ్‌మెంటు, కరెంటు స్తంభం, అంతా స్పష్టంగా కనబడింది. ఆ రోజు మనం నిలబడ్డ చోటు కూడా. తల తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

"నాన్నా, ఆ రోజు మేం నీకు కనబడ్డామా?"

"ఆ పొడుగోడు కనబడకుండా పోతాడా? ఊళ్లో ఎక్కడ నిలబడ్డా స్తంభం పక్క స్తంభంలా ఉంటాడు." డబ్బా అడుగున ఉన్నది వేలితో తీసుకుని తిన్నాడు. "వాడు కనబడ్డాక నువ్వు కనబడ్డావు. చెయ్యి ఊపాను."

చెయ్యి ఊపింది మనకి పోజివ్వడానికి కాదు.

"అప్పటికి ఎనిమిది నెలలైంది గోడౌన్ గోడౌన్ అని చెప్పబట్టి," అన్నాడు. "రోజూ ఆ చొక్కా ఇస్త్రీ చెయ్యలేక చస్తున్నాను. ఎలా చెప్పాలో తెలీలా. నువ్వు ఎదురుగా కనబడేసరికి, సరే పోనీ, చూడనీ అనుకున్నా. వచ్చి అడుగుతుంది, నవ్వుకుంటాం, అయిపోతుంది. అందుకే తల తీశా. నాకు ఆ రోజు భోజనం టైం కూడా కాలేదమ్మా, మేనేజరు ఏమీ అనకుండా డబ్బా పట్టుకున్నా."

చదివావా? మళ్లీ చదువు. తల తీసింది మన కోసం. ఇటు చూసింది మన వైపు. హాల్లో జనం నిలబడి "ఆ కళ్లలో ఏదో ఎదురుచూపు ఉంది" అంటున్నారట, స్టాండుగాడు విని వచ్చాడు. ఎదురు చూసింది నన్నే. నేను ఫోకస్ సరిచేసి, మూల తిరిగి వెళ్లిపోయాను. ఆయన తల పెట్టుకుని మళ్లీ కాగితాలు పంచాడు. సాయంత్రం నేను "గోడౌన్ ఎలా ఉంది నాన్నా?" అన్నాను. చూసి కూడా ఆ మాట అడిగానని ఆయనకి అప్పుడే తెలుసు. సిగ్గుపడుతోంది కాబోలు అనుకుని, నాకోసం "లోడు ఎక్కువమ్మా" అన్నాడు.

"ఎవరికీ కనబడని మనిషి" అని రాశావు. ఆయనకి మనం ముగ్గురం కనబడ్డాం. కనబడాలని ఆయనే తల తీశాడు. చూడనిది మనం. చూడకపోవడానికి మనకి పొడుగు లెన్సు కావలసి వచ్చింది.

నీ మీద కోపం తగ్గిందేమో అనుకోకు. నేను చేసిందాని బరువు నాకు తెలిశాక నువ్వు చేసింది ఇంకా ఎక్కువ మండుతోంది. నేను సిగ్గుతో పారిపోయాను. నువ్వు నాలుగు నెలలు కూర్చుని, చూసి చూసి, ఆ వీడియోలోంచి ఒక్క క్షణం ఏరి, పేరు పెట్టి, వేరే షాపు వెతికావు. ఆ నాలుగు నెలల్లో ఒక్క ఆదివారమైనా నన్ను "ఇది వాడుకోనా?" అని అడిగి ఉండొచ్చు. ఆ అరుగు దగ్గరికి వెళ్లి ఆయన్నైనా అడిగి ఉండొచ్చు. ఆయన చేతి టీ తాగినవాడివి.

ఫోటో సంగతి నాన్ననే అడిగాను. దించమంటావా అని. "ఫోటో బాగానే తీశావు," అన్నాడు. "పని చేస్తుంటే తియ్యకుండా తింటుంటే తీశావు, అదొక్కటే. ఉంచాలో తియ్యాలో ఆ అబ్బాయి వచ్చి అడిగితే చెప్తా. అడక్కుండా చెప్పను." కాబట్టి నేను మొదటి ఉత్తరంలో అడిగింది వెనక్కి తీసుకుంటున్నాను. ఇప్పుడు అడుగుతున్నది ఇది.

ఆ పేరు రాసిన చీటీ రేపు పొద్దున హాలు తెరవగానే పీకెయ్. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, జిగురుతో అంటించావు, గోటితో వస్తుంది. రెండో కార్డు, ఇంట్లో ఇంకెన్ని ఉంటే అన్ని, ఒక్క కాపీ కూడా నీ దగ్గర మిగలకుండా పట్టుకుని శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకి బొమ్మల దుకాణం దగ్గరికి రా. స్టాండుగాడు వస్తాడు, వాడి ఏడుపు వాడి చేతికివ్వాలి. నేనుంటాను. నాన్న తల తీసే టైము అదే. మెట్ల మీద మన కట్టుబాటు ఇకనుంచి ఆ అరుగు మీద. ఆయన "ఉంచు" అంటే ఉంచుతావు. "తీసెయ్" అంటే అక్కడికక్కడే, రెండు కార్డుల్లోంచీ. ఎందుకని అడగవు.

వస్తావో రావో శుక్రవారం ఏడింటికి షట్టరు దించేలోపు ఒక్క మాట రాసి పంపు. రాయకపోతే శనివారం ఒకటిన్నరకి అద్దం కోసే కత్తితో నేనే హాలుకి వస్తాను. ఆ కలవని మూలల్లో అది సులువుగానే దిగుతుంది.

కెమెరా తేవద్దు. అవతల నిలబడి చూడొద్దు. రోడ్డు దాటి రా.

అద్దం